టీనేజ్ పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు: అమ్మానాన్నలు ఆన్‌లైన్‌లో ఏం నేర్చుకోవాలి, ఏ వరసలో నేర్చుకోవాలి

"నాకు బతకాలని లేదు" అని పదిహేనేళ్ల పిల్ల అన్న రాత్రి ఆ ఇంట్లో పెద్దవాళ్లకు నిద్ర ఉండదు. ఫోన్ తీసి వెతకడం మొదలుపెడతారు. కాసేపటికి తెరమీద ఇరవై పేజీలు తెరిచి ఉంటాయి. ఒకటి లక్షణాల పట్టిక, ఒకటి ఎవరిదో ఉపన్యాసం, ఒకటి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. తెల్లారేసరికి తల బరువెక్కుతుంది గానీ, పిల్ల గది తలుపు తట్టి ఏమనాలో మాత్రం తెలియదు.

ఆన్‌లైన్‌లో నేర్చుకుంటే ఉపయోగం ఉంది, అందులో సందేహం లేదు. అయితే వరస ముఖ్యం. ఈ రాత్రికి అవసరమైనది ఈ రాత్రే చూడాలి, వచ్చే వారానికి పనికొచ్చేది వచ్చే వారం చూడొచ్చు. ఇంకో సంగతి ఏమిటంటే, ఈ విషయంలో తెలుసుకోవాల్సిన సమాచారం నిజానికి కొంచెమే. దాన్ని మన నోటికి, మన ఇంటికి అలవాటు చేయడానికే టైమ్ పడుతుంది. అందుకని కోర్సులు పోగేసుకోకండి. ఒకటి పూర్తి చేయండి, అందులో చెప్పింది ఇంట్లో చేసి చూడండి, ఆ తర్వాతే రెండోది.

కోర్సు తెరవకముందు చూసుకోవాల్సింది

ఇది నేర్చుకుంటూ కూర్చునే సమయమా, పరుగెత్తాల్సిన సమయమా? ముందు అది తేల్చుకోండి. ఎలా చనిపోవాలో, ఎప్పుడు చనిపోవాలో పిల్ల ఆలోచించి పెట్టుకుందని తెలిసినా, అందుకు కావాల్సినవి సమకూర్చుకుందని అనుమానం వచ్చినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఫ్రెండ్స్‌కి వీడ్కోలు లాంటి మెసేజ్‌లు పెట్టడం కనిపించినా కోర్సులు పక్కన పెట్టేయండి. పిల్లను ఒంటరిగా వదలొద్దు. ఒకరు పక్కనే ఉండాలి, ఇంకొకరు ఫోన్ చేయాలి. ఏదైనా మింగినట్టు తెలిస్తే, పిల్ల బాగానే ఉన్నట్టు కనిపించినా, తను "ఏం కాలేదు" అంటున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొన్ని మందుల ప్రభావం గంటలు గడిచాక గానీ బయటపడదు.

ఫోన్‌లో ఈ నంబర్లు ముందే వేసి ఉంచుకోండి. భారతదేశంలో ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఎమర్జెన్సీకి 112. అమెరికాలో 988, ఎమర్జెన్సీకి 911. బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123, ఎమర్జెన్సీకి 999. ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ 13 11 14, ఎమర్జెన్సీకి 000. వీటికి పిల్లలే కాదు, పిల్ల గురించి భయపడుతున్న అమ్మానాన్నలు కూడా ఫోన్ చేయొచ్చు. "మా అబ్బాయి ఇలా అన్నాడు, ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగితే చాలు, అవతలివాళ్లు ఒక్కో ప్రశ్న వేస్తూ దారి చూపిస్తారు.

అంత తక్షణ ప్రమాదం లేదనిపించినా డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఈ రోజే ప్రయత్నించండి. కోర్సు వైద్యానికి బదులు కాదు. అపాయింట్‌మెంట్ దొరికే దాకా ఇంట్లో మీరెలా ఉండాలి, దొరికిన తర్వాత మిగతా ఇరవైమూడు గంటలూ ఎలా ఉండాలి అన్నదానికే కోర్సు.

మొదటి కోర్సు చిన్నదై ఉండాలి

మొదట తీసుకునే కోర్సు ఒక్క పూటలో అయిపోవాలి. మనసు మనసులో లేనప్పుడు పది వారాల పాఠాలు ఎక్కవు. బ్రిటన్‌లోని జీరో సూసైడ్ అలయన్స్ వాళ్ల ఉచిత శిక్షణ సుమారు 20 నిమిషాలే ఉంటుంది. ఎదుటి మనిషిలో తేడా ఎలా పసిగట్టాలి, ఎలా అడగాలి, ఎక్కడికి పంపాలి అన్నది చిన్న చిన్న సన్నివేశాలుగా చూపిస్తుంది. ఇంకాస్త వివరంగా కావాలంటే క్యూపీఆర్ ఉంది. అడగడం, ఒప్పించడం, సహాయం దగ్గరికి చేర్చడం అనే మూడు పనుల పేర్ల మొదటి ఇంగ్లిష్ అక్షరాలవి. లివింగ్‌వర్క్స్ స్టార్ట్ కూడా ఇలాంటిదే, గంటన్నరలో అయిపోతుంది. కొలంబియా ప్రోటోకాల్ అని ఒకటుంది. అది కోర్సు కంటే ప్రశ్నావళి అనాలి. చనిపోవాలనే కోరిక ఉందా అన్న దగ్గర మొదలై ఆలోచన, పద్ధతి, ఉద్దేశం, ప్లాన్, ఇంతకు ముందు ఏమైనా చేసిందా అనే దాకా ఏ వరసలో అడగాలో చెబుతుంది. చాలామంది డాక్టర్లు వాడేది ఇదే. కుటుంబ సభ్యుల కోసం వేరేగా చిన్న కార్డు కూడా ఉచితంగా దొరుకుతుంది.

ఇవన్నీ ఎవరికైనా ఉపయోగపడేలా తయారుచేసినవి. పక్కింటివాళ్లు, టీచర్లు, సహోద్యోగులు, ఎవరైనా చేయొచ్చు. అమ్మానాన్నల పరిస్థితి వేరు. వాళ్లు ఒకసారి అడిగేసి, సహాయం చేసేవాళ్లకు అప్పగించి వెళ్లిపోలేరు. అదే ఇంట్లో రేపు పొద్దున మళ్లీ లేవాలి. పైగా ఆ బాధకు కారణాల్లో తామూ ఉన్నామేమోనన్న అనుమానం లోపల తొలుస్తూ ఉంటుంది. అందుకని ఈ చిన్న కోర్సు తర్వాత అమ్మానాన్నల కోసమే చేసినది ఒకటి చూడండి. ఆస్ట్రేలియాలో మొనాష్ యూనివర్సిటీ వాళ్ల పార్ట్‌నర్స్ ఇన్ పేరెంటింగ్ అలాంటిది. టీనేజర్లలో డిప్రెషన్, యాంగ్జైటీ రాకుండా, వచ్చినా ముదరకుండా ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేయగలరన్నది విడివిడి పాఠాలుగా ఉంటుంది. 2000లో ఆస్ట్రేలియాలోనే పుట్టిన మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. టీనేజర్లతో మెలిగే పెద్దవాళ్ల కోసం దానిలో వేరే కోర్సు ఉంది. కొన్ని దేశాల్లో ఆన్‌లైన్‌లోనూ చెబుతారు. అది కాస్త పొడవు, తొందరేం లేదు.

ఇవి ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఇంగ్లిష్ అంతగా రాని వాళ్లు వదిలేయాల్సిన పనిలేదు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, పది నిమిషాలకోసారి ఆపి "ఇప్పుడు వీళ్లేం చెప్పారు?" అని తెలుగులో చెప్పుకుంటూ వెళ్లండి. నిజానికి ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇలాగే చూస్తే మంచిది. ఎందుకో కింద చెబుతాను.

మంచి కోర్సుని ఎలా గుర్తుపట్టాలి? దాన్ని తయారుచేసింది ఎవరో స్పష్టంగా రాసి ఉంటుంది: యూనివర్సిటీ, ప్రభుత్వ సంస్థ, ఈ పనిలో చాలాకాలంగా ఉన్న స్వచ్ఛంద సంస్థ. ఆత్మహత్య గురించి సూటిగా అడగమని చెబుతుంది. ఇంట్లో ప్రమాదకర వస్తువుల సంగతి మాట్లాడుతుంది. ఎమర్జెన్సీ అయితే కోర్సు ఆపి ఫోన్ చేయమని మొదట్లోనే హెచ్చరిస్తుంది. చనిపోయే పద్ధతుల వివరాలు మాత్రం చెప్పదు. ఇక తప్పించుకోవాల్సినవి గుర్తుపట్టడం ఇంకా తేలిక. "21 రోజుల్లో మీ పిల్లను మార్చేస్తాం" అనేవి, మందులు ఆపించేయమనేవి, "ఇదంతా అటెన్షన్ కోసం" అని తేల్చేసేవి, భయపెట్టి ఫీజు కట్టించుకునేవి. ఇంకో రకం ఉంది, దాని మీద నాకు ఎక్కువ కోపం. కృతజ్ఞత, పాజిటివ్ థింకింగ్ గురించి గంటలకొద్దీ ఉపన్యాసాలు. తప్పు మాటలేమీ ఉండవు గానీ, అది విన్న నాన్న తిన్నగా వెళ్లి అదే ఉపన్యాసం పిల్లాడికి ఇస్తాడు.

అడగడం: ఇదొక్కటి బాగా సాధన చేయండి

అన్ని కోర్సుల్లోనూ మొదట వచ్చేది, చేయడానికి అందరికీ నోరు రానిది ఇదే. "అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమో" అన్న భయం దాదాపు అందరిలోనూ ఉంటుంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూళ్లలో రెండు వేలకు పైగా విద్యార్థుల మీద ఇది పరీక్షించి చూశారు. కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, కొందరిని అడగలేదు. ఆ ఫలితాలు 2005లో వచ్చాయి. అడగడం వల్ల పిల్లల్లో బాధ గానీ, ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు అడిగిన తర్వాత కొంత తేలికపడినట్టు కూడా కనిపించింది. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలదీ అదే మాట.

ఒడ్డున కూర్చుని ఈత వీడియోలు ఎన్ని చూసినా ఈత రానట్టే, ఈ ప్రశ్న కూడా పైకి అని చూస్తే తప్ప రాదు. కోర్సులో ఇంగ్లిష్ వాక్యం వినగానే అర్థమైపోయినట్టు ఉంటుంది. అదే వాక్యాన్ని తెలుగులోకి మార్చి అనబోతే గొంతుకు అడ్డం పడుతుంది, లేదా టీవీ వార్తల్లా వినిపిస్తుంది. "నీకు ఆత్మహత్య చేసుకోవాలనే ఆలోచనలు వస్తున్నాయా?" అన్నది తప్పేం కాదు. మీ ఇంట్లో అలా మాట్లాడుకుంటారా అన్నదే ప్రశ్న. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఆపి తెలుగులో చెప్పుకోవాలన్నది ఇందుకే. వీడియో ఆపండి, భార్యాభర్తలు ఒకరినొకరు అడిగి చూడండి. ఒంటరిగా ఉంటే అద్దం ముందు అనండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?" అన్న మాట గొంతు వణక్కుండా వచ్చేదాకా అనండి. సిగ్గుగా ఉంటుంది. ఫర్వాలేదు.

అడిగే తీరులో ఒక తిరకాసు ఉంది. "నువ్వేం పిచ్చి పని చేసుకోవు కదా?" అన్నది ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, "చేసుకోను" అన్న జవాబు అందులోనే ఉంది. పిల్లలు తెలివైనవాళ్లు, మీకేది కావాలో అదే ఇస్తారు. రెండు జవాబులకూ చోటున్న ప్రశ్న కావాలి. ముందు మీరు చూసినది చెప్పండి, తర్వాత అడగండి.

ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చుంటే విచారణలా ఉంటుంది. నడుస్తూనో, బండిలో వెళ్తూనో, బట్టలు మడతపెడుతూనో, కళ్లలోకి చూడాల్సిన అవసరం లేని చోట అడిగితే మాట వస్తుంది. ఉదాహరణకు బట్టలు మడతపెడుతూ అమ్మ మొదలుపెట్టింది:

"రెండు వారాలుగా నువ్వు రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. మొన్న 'నేను లేకపోతే మీకే హాయి' అన్నావు. ఆ మాట నా బుర్రలోంచి పోవట్లేదురా."

"ఊరికే అన్నాలే అమ్మా."

"ఊరికే అయినా అయ్యుండొచ్చు. కానీ చాలా బాధలో ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోతే బాగుండనిపిస్తుందట. నీకూ అలా అనిపిస్తోందా?"

ఇక్కడ నోరు మూసుకోవాలి. మౌనం భరించలేక మనమే ఏదో ఒకటి అనేస్తాం. మడతపెడుతున్న చొక్కా మీదే చూపు ఉంచండి. పదిహేను సెకన్లు పట్టొచ్చు, నిమిషం పట్టొచ్చు.

"...అప్పుడప్పుడు."

ఆ "అప్పుడప్పుడు" మీకు దొరికింది. దాన్ని జారవిడుచుకోకుండా ఉండడమే తర్వాతి పాఠం.

"అవును" అన్నాక

మనకు అలవాటైన మాటలన్నీ సరిగ్గా ఈ క్షణంలోనే తన్నుకొస్తాయి. "నీకేం తక్కువ చేశాం?" "నీకోసం ఇంత కష్టపడుతుంటే ఇదా మాకిచ్చేది?" "మమ్మల్ని ఏం చేద్దామని?" "నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ అలా ఆలోచించనని చెప్పు." భయంలోంచి వచ్చే మాటలే అన్నీ. కానీ పిల్ల చెవికి అవి ఒకే రకంగా వినిపిస్తాయి: నా బాధ చెప్తే వీళ్లకు ఇంకో బాధ మొదలవుతుంది, ఇక చెప్పకూడదు. ఒట్టు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చేసుకోనని మాట తీసుకోవడం, కాగితం మీద సంతకం పెట్టించుకోవడం కాపాడుతుందని రుజువేమీ లేదు. ఆలోచన మళ్లీ వచ్చినప్పుడు మాట తప్పానన్న సిగ్గుతో పిల్ల దాచేసే ప్రమాదం మాత్రం ఉంది.

దీనికి ఆన్‌లైన్‌లో వెతకాల్సింది వాలిడేషన్ అనే నైపుణ్యం. అమెరికా సైకాలజిస్ట్ మార్షా లినెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటల చికిత్సలో ఇది ముఖ్యమైన భాగం. టీనేజర్లకు డీబీటీ చేసేటప్పుడు అమ్మానాన్నలకూ దీన్ని నేర్పుతారు. ఎదుటివాళ్ల బాధ వాళ్లున్న చోటి నుంచి చూస్తే అర్థమయ్యేదేనని చెప్పడమే వాలిడేషన్. చనిపోవాలన్న నిర్ణయాన్ని ఒప్పుకోవడం కాదది. "అంత నొప్పిగా ఉంటే ఎలాగైనా ఆగిపోతే చాలనిపించడం నాకు అర్థమవుతోంది. ఆ నొప్పి తగ్గే దారి వెతుకుదాం, నేనున్నాను" అన్నదాంట్లో రెండూ ఉన్నాయి.

సలహా ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న: "ఇప్పుడు నేను వినాలా, ఏదైనా చెప్పాలా?" చాలాసార్లు "విను చాలు" అంటారు. అయితే రహస్యంగా ఉంచమంటే ఒప్పుకోవద్దు. "ఎవరెవరికి చెప్పాలో నీతో మాట్లాడే నిర్ణయిద్దాం. కానీ నీ ప్రాణానికి సంబంధించింది కాబట్టి డాక్టర్‌కి చెప్పకుండా మాత్రం ఉండలేను" అని ఆ పూటే నిజం చెప్పేయండి. తర్వాత మాట తప్పడం కంటే ఇది నయం.

ఈ మాటలయ్యాక కొలంబియా కార్డులోని మిగతా ప్రశ్నలు మెల్లగా అడగొచ్చు. ఎలా అన్నది ఆలోచించావా, చేయాలని నిజంగా అనుకున్నావా, ఎప్పుడైనా ప్రయత్నించావా. కింది ప్రశ్నలకు "అవును" వస్తున్నకొద్దీ ప్రమాదం పెరుగుతున్నట్టు. అప్పుడు ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ఫోన్ నంబర్ల దగ్గరికి వెళ్లాలి.

ఇంట్లో వస్తువులు

కోర్సుల్లో అమ్మానాన్నలు ఎక్కువగా దాటేసే పాఠం ఇది. "మా పిల్ల అలాంటిది కాదు" అనో, "చేసుకోవాలనుకున్నవాళ్లను ఎవరాపగలరు" అనో అనుకుంటారు. రెండోది తప్పని చాలా గట్టిగా తేలింది. ప్రాణం తీసుకోవాలన్న తీవ్రత చాలామందిలో కొద్ది సేపే ఉంటుంది. ఆ సేపట్లో ప్రాణాంతకమైనది చేతికి అందకపోతే ఎక్కువమంది వేరే దారి వెతుక్కోరు, ఆ గడియ దాటిపోతుంది. శ్రీలంకలో 1980ల నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. ఆ దేశంలో ఆత్మహత్యల రేటు 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో మూడింట రెండు వంతులకు పైగా పడిపోయింది. బ్రిటన్‌లో 1998లో నొప్పి మాత్రల ప్యాకెట్ సైజు తగ్గించాక వాటివల్ల జరిగే మరణాలు తగ్గాయి. ఒక దేశం చేయగలిగిన పనిని ఒక ఇల్లు కూడా చేయగలదు.

దీనిమీద కామ్ అనే ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఉంది. కౌన్సెలర్ల కోసం తయారుచేశారు గానీ ఎవరైనా చూడొచ్చు. అందులో చూశాక ఇల్లంతా ఒకసారి తిరగండి. మందుల డబ్బా, పెద్దవాళ్ల బీపీ, షుగర్, నిద్ర మాత్రలు, హ్యాండ్‌బ్యాగుల్లో మిగిలిపోయిన స్ట్రిప్పులు, వాడకుండా పడి ఉన్నవి. అక్కర్లేనివన్నీ ఇంట్లోంచి పంపేయండి, కావాల్సినవి తాళంలో పెట్టి, తాళంచెవి ఒంటిమీదే ఉంచుకోండి. పురుగుమందులు, ఎలుకల మందు, తుపాకీ లాంటివుంటే తాళం సరిపోదు, కొంతకాలం ఇంట్లోనే ఉండకూడదు. పిల్ల వాడే మందులు కూడా రోజుకి సరిపడా మాత్రమే మీరే ఇవ్వండి. ఊరికే దాచడం పనికిరాదు, ఇంట్లో ఏది ఎక్కడుందో మనకంటే పిల్లలకే బాగా తెలుసు. సెలవులకు వెళ్లే చుట్టాల ఇళ్ల సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఇదంతా దొంగచాటుగా చేయకండి. "నువ్వంటే నమ్మకం లేక కాదు. ఆ గడియ వచ్చినప్పుడు నీకు కష్టం కాకూడదని" అని ఒక్కసారి చెప్తే చాలు. కొంతమంది పిల్లలు విసుక్కుంటారు. కొంతమంది తామే దాచుకున్నది తెచ్చి ఇస్తారు.

సేఫ్టీ ప్లాన్

ఆ ఆలోచనలు తీవ్రమైనప్పుడు ఏం చేయాలో ముందే రాసుకునే ఒక పేజీ కాగితం ఇది. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు రూపొందించారు. ఫారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 2018లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో ఈ ప్లాన్ రాయించి, ఆ తర్వాత ఫోన్లు చేస్తూ వచ్చినవాళ్లలో, మామూలు వైద్యం అందినవాళ్లతో పోలిస్తే, ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన చర్యలు సుమారు 45 శాతం తక్కువగా కనిపించాయి. వాళ్లు పెద్దవాళ్లు నిజమే గానీ, ఇప్పుడు టీనేజర్లతోనూ ఇదే ప్లాన్ విరివిగా వాడుతున్నారు.

ఆరు గడులు ఉంటాయి. ఆలోచన తీవ్రమవుతోందని తెలిపే గుర్తులు. ఎవరి సాయం లేకుండా తనంతట తాను చేయగలిగేవి. మనసు మళ్లించే మనుషులు, చోట్లు. సాయం అడగగలిగే మనుషులు. డాక్టర్, హెల్ప్‌లైన్. చివరిది ఇంటిని ప్రమాదం లేకుండా చేయడం. కౌన్సెలర్ దగ్గర కూర్చుని రాస్తే మంచిది. ఆలస్యమవుతుందంటే మీరూ పిల్లా కలిసి మొదలుపెట్టొచ్చు, తర్వాత కౌన్సెలర్‌కి చూపించాలి.

రాయాల్సింది పిల్ల, మీరు కాదు. ఇక్కడే చాలా ఇళ్లలో ప్లాన్ పాడవుతుంది. రెండో గడిలో నాన్న "ధ్యానం, వ్యాయామం, మంచి పుస్తకాలు" అని రాసేస్తాడు. పదహారేళ్ల అబ్బాయి రాస్తే ఇలా ఉంటుంది: "హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఒక్క పాటే మళ్లీ మళ్లీ వినడం. చన్నీళ్లతో మొహం కడుక్కోవడం. కుక్కను బయటికి తీసుకెళ్లడం." మొదటి గడిలో "డిప్రెషన్" అని రాస్తే ఉపయోగం లేదు. "గ్రూపులో మెసేజ్‌లు చూసి కూడా జవాబివ్వాలనిపించదు, ఛాతీలో బిగుసుకున్నట్టుంటుంది, అందరూ పడుకున్నాక ఇంకా ఎక్కువవుతుంది" అని ఉంటే అతనూ గుర్తుపట్టగలడు, మీరూ గుర్తుపట్టగలరు. నాలుగో గడిలో మీ పేరు లేకపోవచ్చు. పిన్ని పేరో, కజిన్ పేరో ఉండొచ్చు. నొచ్చుకోకండి, పైకి అసలే కనబడనివ్వకండి. ఆ పిన్నికి ఫోన్ చేసి "వాడు నీ పేరు రాశాడు, ఏ టైమ్‌లో చేసినా ఎత్తగలవా?" అని అడగడం మీ పని.

ప్రతి గడి దగ్గరా ఒక ప్రశ్న వేయండి: "నిజంగా ఆ టైమ్‌లో ఇది చేయగలవా? ఏది అడ్డొస్తుంది?" హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడానికి భయమంటే, మామూలుగా ఉన్నప్పుడే ఇద్దరూ కలిసి ఒకసారి చేసి చూడండి. పూర్తయ్యాక ఫోటో తీసి పిల్ల ఫోన్‌లో, మీ ఫోన్‌లో ఉంచండి. గోడకి అంటించొద్దు, ఇంటికొచ్చినవాళ్లందరూ చదువుతారు.

ఫోన్ లాక్కోవాలా?

లాక్కోవాలనిపిస్తుంది. కానీ రాత్రి రెండింటికి పిల్ల మాట్లాడే ఒకే ఒక్క ఫ్రెండ్ కూడా ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఆస్ట్రేలియాలోని ఒరిజెన్ సంస్థ 2018లో చాట్‌సేఫ్ అనే మార్గదర్శకాలు తెచ్చింది. ఆత్మహత్య గురించి ఆన్‌లైన్‌లో యువత ఎలా మాట్లాడుకోవాలి, అలాంటి పోస్టులు కనిపిస్తే ఏం చేయాలి అన్నది అందులో ఉంది, కుటుంబాల కోసం విడిగా ఒక భాగం కూడా ఉంది. మీరొక్కరే చదివి రూల్స్ పెట్టకుండా పిల్లతో కలిసి చదవండి. "నీకు కనిపించినవాటిలో బాధ పెంచినవేవి, తగ్గించినవేవి?" అని అడిగి వింటే ఏ అకౌంట్లు మ్యూట్ చేయాలో తనే చెబుతుంది. నిద్ర వేళకి ఫోన్ గది బయట ఛార్జింగ్ పెట్టడం లాంటివి ఇంట్లో అందరికీ ఒకే రూల్‌గా పెడితే గొడవ తగ్గుతుంది.

నమ్మని ఇంకో పెద్ద మనిషి

"అన్నీ వేషాలు, రెండు తగిలిస్తే సరి" అనే మనిషి ఇంట్లో ఒకరుంటే మీరు నేర్చుకున్నదంతా వాళ్ల ఒక్క మాటతో పోతుంది. వాళ్లతో వాదించకండి. ఆ 20 నిమిషాల కోర్సు వాళ్లకీ చూపించండి. "నాకోసం ఒక్కసారి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం" అంటే చాలు. భార్యో భర్తో చెబితే ఎక్కని మాట బయటివాళ్లు వీడియోలో చెబితే ఎక్కడం మామూలే. అప్పటికీ మారకపోతే వాళ్లని ఒక్కటే అడగండి: ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, పిల్ల ముందు ఆ మాట అనకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

చదివింది డాక్టర్‌కి అప్పజెప్పడానికి కాదు, సరైన ప్రశ్నలు అడగడానికి వాడండి. ఈ మందు పనిచేయడం మొదలవడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఆ లోపు ఏం గమనించాలి? రాత్రి పూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి? పిల్లతో విడిగా మాట్లాడతారా? చివరి ప్రశ్నకి డాక్టర్ అవునంటే మీరు లేచి బయటికి రావాలి, ముఖం ముడుచుకోకుండా.

డిప్రెషన్ మందుల గురించి ఆన్‌లైన్‌లో చదివి హడలిపోయేవాళ్లు చాలామంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో ఒక హెచ్చరిక ఇచ్చిన మాట నిజం: పిల్లల్లో, టీనేజర్లలో కొందరికి ఈ మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చు. దాని అర్థం మందు వద్దని కాదు. మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు దగ్గరగా కనిపెట్టుకుని ఉండమని. కొత్తగా చిరాకు, స్థిమితం లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. మీ అంతట మీరు హఠాత్తుగా ఆపేయకూడదు.

ఆసుపత్రిలో చేరి ఇంటికి వచ్చిన తర్వాతి వారాలు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సినవి. ఇంటికి వచ్చేసింది కదా, గండం గడిచిందని మనం ఊపిరి పీల్చుకుంటాం. పిల్లకేమో ఆగిపోయిన చదువు, క్లాసులో వచ్చే ప్రశ్నలు అప్పుడే ఎదురవుతాయి. డిశ్చార్జ్ అయ్యే ముందే తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ చేతిలో ఉండాలి. అది వారంలోపే ఉంటే మంచిది. స్కూల్లో ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నది పిల్లనే అడిగి, ఆ ఒక్కరికే చెప్పండి.

ఆ తర్వాత వారాలు

మీకంటూ ఎవరైనా ఉండాలి. పిల్లకు రోజంతా కాపలా కాస్తూ, ఆఫీసులో మామూలుగా నటిస్తూ, రాత్రుళ్లు కోర్సులు చూసే మనిషి ఎక్కువ కాలం నిలబడలేరు. ఇద్దరుంటే రాత్రులు పంచుకోండి. ఒక్కరే అయితే విషయం తెలిసిన ఒక్క మనిషినైనా వారంలో ఒకటి రెండు పూటలు ఇంటికి పిలవండి. మీకూ కౌన్సెలర్ కావాలనిపిస్తే వెళ్లండి. ఇంట్లో ఇంకో పిల్లవాడుంటే వాడికీ వయసుకి తగ్గట్టు చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా తన వల్లే జరుగుతోందని అనుకునే చిన్న పిల్లలున్నారు.

వారానికొకసారి, ముందే అనుకున్న సమయానికి, పిల్లతో పది నిమిషాలు. "ఈ వారం ఆ ఆలోచనలు వచ్చాయా? సున్నా నుంచి పది దాకా అయితే ఎంత? ప్లాన్‌లో ఏది పనికొచ్చింది, ఏది మార్చాలి?" అంతే, పొడిగించకండి. మిగతా వారమంతా ప్రతి గంటకీ "బాగున్నావా?" అని అడక్కుండా ఉండడానికి ఈ పది నిమిషాలు మీకు సాయపడతాయి, పిల్లకూ ఊపిరాడుతుంది. అంకె హఠాత్తుగా ఎక్కువైనా, చాలా రోజుల బాధ తర్వాత కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా కనిపించినా పది నిమిషాలతో ఆపొద్దు, ఆ రోజే కార్డులోని ప్రశ్నలన్నీ మళ్లీ అడగండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. మూడు నెలలకోసారి ఆ మొదటి చిన్న కోర్సునే మళ్లీ చూడండి. మొదటిసారి భయంలో సగం వినిపించి ఉండదు.